పంచాయతీ కొన్న గాలిమర

మీ ఊరి పంచాయతీకి నెలకు ఎంత కరెంటు బిల్లు వస్తుందో మీకు తెలుసా? మన ఇంటి బిల్లు అయితే పైసలతో సహా గుర్తుంటుంది. మందిరపు బిల్లు కూడా కమిటీ లెక్కల పుస్తకంలో వ్రాసి, సంవత్సరాంతంలో అందరి ముందు చదువుతాము. పంచాయతీ బిల్లు సంగతి మాత్రం సర్పంచికి, కార్యదర్శికి తప్ప సాధారణంగా ఎవరికీ పట్టదు. వీధి దీపాలు వెలిగినంత కాలం, కుళాయిలో నీళ్లు వచ్చినంత కాలం అడిగేవారు ఉండరు. బకాయి పేరుకుపోయి లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకిన రోజున, బిందెలు పట్టుకొని వీధి కొసకు నడిచే తల్లులకు ఆ సంగతి తెలుస్తుంది.

ఇది మన రాష్ట్రాలలో చిన్న సమస్య కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల విద్యుత్ బకాయిల క్రింద ఆర్థిక సంఘం నిధులను సర్దుబాటు చేసుకోవడం మీద 2021 నుండి సర్పంచులు పార్టీలతో సంబంధం లేకుండా రోడ్డెక్కారు. మురుగు కాలువకో, సిమెంటు రోడ్డుకో వస్తుందనుకున్న సొమ్ము కరెంటు బిల్లుకు పోతే ఊరికి ఏమి మిగులుతుంది అన్నది వారి ప్రశ్న. కరెంటు సంస్థల వాదన కూడా తీసిపారేయదగినది కాదు. వాడుకున్నదానికి డబ్బు కట్టాలి గదా! ఇద్దరిదీ న్యాయంగానే కనిపించే ఈ తగవులో, బిల్లునే తగ్గించుకునే దారి చూచుకున్న ఒక పంచాయతీ మన పొరుగు రాష్ట్రంలో ఉన్నది.

ఓడంతురై

తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లాలో, మేట్టుపాళయం దగ్గర, నీలగిరి కొండల పాదాన ఓడంతురై అనే పంచాయతీ ఉన్నది. ఊటీకి వెళ్లే రైలు మేట్టుపాళయంలోనే కొండ ఎక్కడం మొదలుపెడుతుంది, ఆ ప్రాంతమే. 1996లో ఆర్. షణ్ముగం ఈ పంచాయతీకి అధ్యక్షుడయ్యారు. అప్పటికి పంచాయతీ కరెంటు ఖర్చు నెలకు 2 వేల రూపాయల పైచిలుకు మాత్రమే. ఆయన ఊరికి మంచినీటి పథకం తెచ్చారు, బావులకు మోటార్లు పెట్టించారు, చీకటి వీధులకు దీపాలు వేయించారు. ఊరు బాగుపడింది. దానితోబాటు బిల్లు నెలకు 50 వేల దాకా ఎక్కింది.

ఈ మలుపు దగ్గర కొంచెం ఆగాలి. మంచి పని చేసిన పంచాయతీకే బిల్లు పెరుగుతుంది. నీళ్లు ఇవ్వని పంచాయతీకి మోటారు ఖర్చే లేదు! అందుచేత బిల్లు పెరిగిందని మన సర్పంచి మీద కోపపడేముందు, ఆ కరెంటు ఎక్కడ ఖర్చయిందో చూడడం న్యాయం.

ఓడంతురై వారు మొదట చిన్న ప్రయత్నాలు చేశారు. కొన్ని వీధి దీపాలకు సౌర పలకలు పెట్టారు. తరువాత, 2003 ప్రాంతంలో, 9 కిలోవాట్ల గ్యాసిఫయర్ ఒకటి తెచ్చి మంచినీటి మోటారుకు తగిలించారు. గ్యాసిఫయర్ అంటే పెద్ద విచిత్రమేమీ కాదు. కట్టె ముక్కలను పూర్తిగా మండనివ్వకుండా, గాలి తక్కువ పెట్టి కాలిస్తే మండే వాయువు ఒకటి వస్తుంది. ఆ వాయువుతో ఇంజను నడుపుతారు. రంపపు మిల్లుల దగ్గర పడి ఉండే కట్టె ముక్కలు దీనికి చాలు. నీళ్లు తోడే ఖర్చు బాగా తగ్గింది. కాని ఊరంతటి బిల్లుకు అది సరిపోయే విరుగుడు కాదు.

అప్పుడు వారి చూపు గాలి మీదికి మళ్లింది. కోయంబత్తూరుకు పడమట, పడమటి కనుమల గోడలో పాలక్కాడ్ దగ్గర పెద్ద సందు ఒకటి ఉన్నది. నైరుతి ఋతుపవనాల కాలంలో సముద్రం మీది గాలి ఆ సందులో నుండి దూసుకొని వచ్చి ఉడుమల్‌పేట, పల్లడం మైదానాల మీద పడుతుంది. ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళులకు ఒక సామెత. మే మొదలుకొని సెప్టెంబరు దాకా వీచే ఈ గాలి కోసమే పెద్ద పెద్ద కంపెనీలు అక్కడ వరుసగా గాలిమరలు పాతాయి. కంపెనీ చేయగలిగినది పంచాయతీ ఎందుకు చేయకూడదు?

2006లో ఓడంతురై పంచాయతీ 350 కిలోవాట్ల గాలిమరను కొన్నది. వెల 1 కోటి 55 లక్షల రూపాయలు. అందులో 40 లక్షలు పంచాయతీ తన ఆదాయంలో మిగుల్చుకున్నది. మిగిలిన 1 కోటి 15 లక్షలు బ్యాంకు అప్పు. ఒక గ్రామ పంచాయతీ బ్యాంకు మెట్లెక్కి కోటి రూపాయలు అప్పు అడగడం, బ్యాంకు ఇవ్వడం, రెండూ అరుదైన సంగతులే. ఆ 40 లక్షల నిలువ లేకపోతే బ్యాంకు వారు కుర్చీ కూడా వేసి ఉండరని నా అభిప్రాయం.

చిత్రమేమంటే, ఆ మర ఓడంతురైలో లేదు! కొండ పాదాన ఉన్న ఆ ఊరిలో గాలి చాలదు. మరను చాలా దూరాన, ఉడుమల్‌పేట దగ్గర మైవాడిలో పెట్టారు. అక్కడ తిరిగే మరతో ఇక్కడ దీపం ఎలా వెలుగుతుంది? మన చెరువును తలచుకోండి. ఎగువన ఒకడు చెరువులోకి నూరు కుండల నీళ్లు పోశాడు. దిగువ తూము దగ్గర తన పొలానికి నూరు కుండలు తీసుకున్నాడు. అవే నీళ్లా అంటే కాదు. కాని లెక్క సరిపోయింది. కరెంటు తీగలన్నీ కలిసి అటువంటి ఒక చెరువు. మర దగ్గర ఒక మీటరు, ఊరిలో కొన్ని మీటర్లు ఉంటాయి, నడుమ విద్యుత్ బోర్డు లెక్క వ్రాసుకుంటుంది. చెరువును వాడుకున్నందుకు కొంత రుసుము తీసుకుంటుంది.

ఆ మర ఏడాదికి సుమారు 6 లక్షల 75 వేల యూనిట్లు ఇస్తుందని, పంచాయతీ అవసరం 4 లక్షల 50 వేల యూనిట్లని, మిగిలినది బోర్డుకు అమ్ముతారని లెక్క. ఇక్కడ ఒక కూడిక చేసి చూడండి. 350 కిలోవాట్ల యంత్రం ఏడాది పొడుగునా, రాత్రింబగళ్లు ఆగకుండా తిరిగితే 30 లక్షల యూనిట్లు దాటాలి. వచ్చేది అందులో అయిదో వంతు కంటే కొంచెం ఎక్కువ. గాలి అంటే అంతే. వీచినప్పుడే పంట. సౌర పలకల విషయంలోనూ ఇదే న్యాయం. అమ్మేవారు ‘ఇన్ని కిలోవాట్లు’ అని పెద్ద సంఖ్య చెప్పినప్పుడు, ‘ఏడాదికి ఎన్ని యూనిట్లు?’ అని అడగడం నేర్చుకోవాలి.

మర మీద వచ్చిన ఆదాయంతోనే ఏళ్ల తరబడి అప్పు తీర్చారు. షణ్ముగం తరువాత ఆయన భార్య లింగమ్మాళ్ అధ్యక్షురాలై ఆ పనిని కొనసాగించారు. అధ్యక్షుడు మారగానే పాత పనులు మూలపడే ఊళ్లు మనకు తెలుసు. ఇక్కడ ఒకే ఇంటివారు కాబట్టి సాగిందని ఎవరైనా అంటే కాదనలేము. అయినా, పదవి మారినా తీర్చక తప్పని బ్యాంకు వాయిదా కూడా అందుకు కొంత తోడ్పడి ఉంటుంది.

జార్జిటౌన్ వారి మక్తా

మరను కొనడం ఒక పద్ధతి. మరను వేరేవారు పెడితే, కరెంటును మాత్రం ఏళ్ల తరబడి కొంటామని ఒప్పుకోవడం రెండవ పద్ధతి. లోకంలో ఎక్కువ పట్టణాలు చేస్తున్నది ఈ రెండవదే. ఇందులోని లాభము, ప్రమాదము రెండూ తెలుసుకోవాలంటే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి వెళ్లాలి. చమురుకు, గ్యాసుకు పేరుబడ్డ రాష్ట్రం అది. అక్కడ ఆస్టిన్ నగరానికి ఉత్తరాన జార్జిటౌన్ అనే పట్టణం ఉన్నది. ఆ పట్టణానికి ఒక ప్రత్యేకత ఏమంటే, వీధి స్తంభాలు, తీగలు, ఇంటింటి మీటర్లు అన్నీ పురపాలక సంఘానివే. అది కరెంటును టోకున కొని, తన ప్రజలకు చిల్లరగా అమ్ముతుంది.

2012లో పాత సరఫరాదారుతో సంబంధం ముగిశాక, కొత్తగా ఎవరి దగ్గర కొనాలా అని లెక్కలు వేశారు. అప్పటి మేయరు డేల్ రాస్ వృత్తిరీత్యా అకౌంటెంటు. పర్యావరణం మీది మక్కువకంటే ముందు అంకెలు చూచే మనిషి. గ్యాసు కరెంటు అమ్మేవారు కొద్ది ఏళ్లకే ధర చెప్పగలిగారు. గాలి, సౌర కరెంటు అమ్మేవారు 20, 25 ఏళ్లకు ఒకే ధర చెప్పగలిగారు. కారణం తేలిక. గాలికి, ఎండకు రేపు ధర పెరగదు. యంత్రానికి పెట్టిన పెట్టుబడే ఖర్చు. దానితో జార్జిటౌన్ వారు అమరిల్లో దగ్గరి గాలి విద్యుత్ కేంద్రంతో 144 మెగావాట్లకు 2035 దాకా, పశ్చిమ టెక్సాస్‌లో 150 మెగావాట్ల సౌర కేంద్రంతో 25 ఏళ్లకు ఒప్పందాలు చేసుకున్నారు. 2018లో సౌర కేంద్రం కూడా పని మొదలుపెట్టింది. అటు పత్రికలు, ఇటు సినిమాలవారు వచ్చి పొగిడారు.

అదే 2018లో దెబ్బ తగిలింది. మన రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పొలాన్ని 25 ఏళ్ల మక్తాకు తీసుకున్నట్టే అది. పంట ధర పెరిగితే మక్తాదారు నవ్వుకుంటాడు. పడిపోతే, ఎకరాకు ఒప్పుకున్న బస్తాలు కొలవక తప్పదు. జార్జిటౌన్ వారు ఊరు పెరుగుతుందని ముందుచూపుతో అవసరానికి మించి కొన్నారు. మిగులు కరెంటును బజారులో అమ్మితే లాభం వస్తుందనుకున్నారు. తీరా గ్యాసు చవక కావడంతో బజారు ధర పడిపోయింది. ఎక్కువకు కొని తక్కువకు అమ్మవలసి వచ్చింది. ఆ ఏడాది విద్యుత్ ఖాతాలో సుమారు 70 లక్షల డాలర్లు లోటు పడింది. 2019లో ఇంటింటి బిల్లు మీద సగటున నెలకు 13 డాలర్ల దాకా పెంచారు. పింఛను మీద బ్రతికే వృద్ధులు ఎక్కువగా ఉన్న పట్టణం అది. వారు సభకు వచ్చి అడిగిన ప్రశ్నలు మెత్తగా లేవు.

అయితే గాలి కరెంటు మోసమా? కాదు. గాలి ఒప్పుకున్నట్టే వీచింది, ధర ఒప్పుకున్నంతే ఉన్నది. తప్పు కొనుగోలు లెక్కలో జరిగింది. ఇంటికి ఏడాదికి 10 బస్తాల బియ్యం కావలసినవాడు 20 బస్తాలకు బయానా ఇచ్చి, మిగతా 10 అమ్ముకుందామనుకున్నాడు. అది సంసారం కాదు, వ్యాపారం. పురపాలక సంఘం వ్యాపారంలోకి దిగితే నష్టం భరించేది కౌన్సిలర్లు కారు, బిల్లు కట్టే ప్రజలు.

ఇంకొక విమర్శ కూడా ఉన్నది. గాలి లేని సాయంత్రం జార్జిటౌన్ ఇళ్లలో వెలిగేది గ్యాసు కరెంటే గదా, నూటికి నూరుపాళ్లు గాలి, ఎండ అని ఎలా చెప్పుకుంటారు అని. మళ్లీ చెరువు లెక్కే. ఏడాది మొత్తం మీద పోసిన కుండలు, తీసిన కుండలు సరిపోయాయి తప్ప, ప్రతి గంటకూ సరిపోలేదు. ఓడంతురైలోనూ అంతే. ఈ మాట దాచకుండా చెబితేనే మంచిది.

గాలి పడగొట్టిన ఊరు

కాన్సాస్ రాష్ట్రంలో గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరు ఉన్నది. గోధుమ పండించే ప్రాంతం, సుమారు 1,400 మంది జనాభా. 2007 మే 4వ తేదీ శుక్రవారం రాత్రి ఒక సుడిగాలి ఆ ఊరి మీదుగా పోయింది. ఊరికన్నా వెడల్పయిన సుడిగాలి. తెల్లవారేసరికి నూటికి 95 పాళ్లు కట్టడాలు లేవు. బడి, ఆసుపత్రి, మందిరాలు, ఇళ్లు అన్నీ నేలమట్టం. 11 మంది చనిపోయారు. తుపానుల్లో దివిసీమను, కోనసీమను చూచిన మనకు ఆ ఉదయం ఎలా ఉండి ఉంటుందో వేరుగా చెప్పాలా?

మిగిలినవారు పెద్ద డేరాలో కూడి, ఊరిని మళ్లీ కట్టాలా, వదిలిపోవాలా అని మాట్లాడుకున్నారు. కట్టాలనే తీర్మానించారు. ఎలాగూ పునాది నుండి కట్టాలి గనుక, తక్కువ కరెంటు పట్టే కట్టడాలు కట్టాలని, కరెంటు తరగని వనరులనుండే తీసుకోవాలని నిశ్చయించారు. 2010 నాటికి ఊరి బయట 10 గాలిమరలు లేచాయి, మొత్తం 12.5 మెగావాట్లు. మరలు కట్టింది కంపెనీ, కరెంటు పొందేది ఊరు. మిగులు ఇతరులకు పోతుంది. ఊరిని కూల్చిన గాలే ఊరికి వెలుగిస్తున్నదని అక్కడికి వెళ్లిన ప్రతివారూ వ్రాస్తారు. వ్రాయని సంగతి ఏమంటే, పోయిన జనంలో చాలామంది తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ ఊరిలో పాత జనాభాలో సుమారు సగమే ఉన్నది. దీపాలు మంచివే కాని, పనులు లేని ఊరికి యువకులను దీపాలు రప్పించలేవు.

తీగలు మనవి కానప్పుడు

“ఇదంతా బాగుంది, మన పంచాయతీకి సొంత స్తంభాలు లేవు గదా” అని మీలో ఎవరైనా అనవచ్చు. నిజమే. ఈ చిక్కు అమెరికాలోనూ ఉన్నది. కాలిఫోర్నియాలో చాలా పట్టణాలకు తీగలు ప్రైవేటు కంపెనీవి. 2002లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. తీగలు కంపెనీవే ఉండవచ్చు, కాని కరెంటు ఎవరి దగ్గర కొనాలో పట్టణాలు కలిసి నిర్ణయించుకోవచ్చు అని. 2010లో మారిన్ కౌంటీ ఆ విధంగా మొదలుపెట్టింది. అదే ఏడాది పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ, ఇటువంటి పనికి మూడింట రెండు వంతుల ఓట్లు ఉండాలని ఒక ప్రతిపాదనను ప్రజాభిప్రాయానికి పెట్టించి, ప్రచారానికి సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లు ఖర్చు చేసింది. ప్రజలు దానిని ఓడించారు. అంత సొమ్ము ఊరికే పోయలేదు గదా, కొనే హక్కు విలువ ఎంతటిదో ఆ కంపెనీకే బాగా తెలుసు.

మన దేశంలో 2003 విద్యుత్ చట్టం వేరే చోట కొన్న కరెంటును బోర్డు తీగల మీద తెచ్చుకునే వీలు కల్పించింది. కాని చాలాకాలం ఆ వీలు 1,000 కిలోవాట్లు, ఆ పైన వాడే పెద్ద ఫ్యాక్టరీలకే అందేది. 2022 జూన్‌లో కేంద్రం చేసిన నిబంధనలు పునరుత్పాదక విద్యుత్‌కు ఆ హద్దును 100 కిలోవాట్లకు దించాయి. 2023లో చేసిన సవరణతో, ఒకే విద్యుత్ డివిజన్‌లో ఉన్న పలు కనెక్షన్లను కలిపి 100 కిలోవాట్లు చూపినా చాలును. చిన్న పంచాయతీ ఒక్కదానికి అంత ఉండదు. అయినా ఊరిలోని మోటార్లు, దీపాలు, కార్యాలయం, బడి అన్నీ కలిపి చూస్తే పెద్ద పంచాయతీలకు ఆ అంకె అందనిదేమీ కాదు. రుసుములు మాత్రం రాష్ట్రానికో రకంగా ఉంటాయి. వాటిని కలుపుకొని లెక్క వేయకపోతే, చవక అనుకున్న కరెంటు ఖరీదైనదిగా తేలుతుంది.

మన ప్రాంతంలో గాలికి, ఎండకు కొదవ లేదు. పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుండి తిరుగుతున్నాయి. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. ఒకప్పుడు ‘సాంప్రదాయేతర ఇంధనం’ అని బడిపుస్తకాల్లో చివరి పాఠంగా చదివినది ఇప్పుడు కనుచూపుమేర నల్లటి అద్దాలుగా పరచుకొని ఉన్నది. కాని అది పెద్ద తీగలెక్కి పెద్ద సంస్థలకు పోతుంది. మర నీడ పడే ఊరి పంచాయతీ కూడా అందరిలాగే బిల్లు కట్టవలసిందే. ఇది నాకు ఎప్పుడూ కొంచెం కష్టంగానే అనిపిస్తుంది.

గ్రామసభ దగ్గర

2024లో వచ్చిన ‘సూర్యఘర్’ పథకంలో జిల్లాకు ఒక ఆదర్శ సౌర గ్రామాన్ని ఎంచి, ఆ గ్రామానికి 1 కోటి రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. జిల్లాకు ఒక్కటే గనుక, మిగిలిన గ్రామాల సంగతి గ్రామాలే చూచుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో సాధారణంగా గ్రామసభ పెడతారు. వెళ్లేవారు తక్కువ. వెళ్లినవారు అడగదగిన మొదటి విషయం సౌర పలకలు కాదు. పంచాయతీ పేరు మీద ఎన్ని మీటర్లు ఉన్నాయి, 12 నెలల్లో ఒక్కొక్కటి ఎన్ని యూనిట్లు తిరిగింది అన్నది. ఒకసారి ఆ కాగితం చేతిలోకి వస్తే, పగలు కూడా వెలుగుతున్న దీపాలు, కారిపోయే పైపుకోసం గంటలకొద్దీ ఆడే మోటారు, ఎన్నడో పాడైన బోరుకు ఇంకా వస్తున్న బిల్లు, అన్నీ బయటపడతాయి. వాడుక తగ్గించుకున్నాక మిగిలిన అవసరానికే కొనడం ఉత్తమం. జార్జిటౌన్ వారు అంత సొమ్ము పోసి నేర్చుకున్నది అదే.

ఆ కాగితం అడిగినప్పుడు కొన్ని ఊళ్లలో వచ్చే జవాబు ఒకటే: వీధి దీపాలకు మీటరు లేదు, దీపానికి ఇంత అని అంచనా బిల్లు వేస్తారు అని. అటువంటి ఊళ్లో గాలి గురించి, ఎండ గురించి మాట్లాడేముందు మీటరు కోసం అర్జీ వ్రాయాలి. సంతకాలు చేయడానికి గ్రామసభకు వచ్చినవారు చాలు.